‘మాకా నాకా’ అంటే మాకా, నాకా?

వేణుగానం: అందరికీ నమస్కారం. ఒక చిన్న సందేహం. కిషోర్ కుమార్ పాడిన ‘ఈనా మీనా డీకా’ పాట ఇక్కడ అందరూ వినే ఉంటారు. 1957లో వచ్చిన హిందీ సినిమా ‘ఆశా’లోది. అందులో ‘మాకా నాకా’ అని ఒక ముక్క వస్తుంది. నాకైతే చిన్నప్పటి నుంచీ అది తెలుగులాగే వినిపిస్తుంది, గుళ్ళో ప్రసాదం పంచుతుంటే ‘మాకా? నాకా?’ అని చేతులు చాపినట్టు. ఈమధ్య ఒక మిత్రుడు అది నూటికి నూరు పాళ్ళూ తెలుగే అన్నాడు. తీసింది మద్రాసు దర్శకుడు కాబట్టి మనవాళ్ళెవరో ఇరికించి ఉంటారట. నిజమేనా? అసలు ఆ పాటలో ఏ మాటకైనా అర్థం ఉందా?

పాత రికార్డులు: వేణు గారూ, అది తెలుగు కాదు, కొంకణి. మీ మిత్రుడు చెప్పిన దాంట్లో ఒక్కటి మాత్రం నిజం. దర్శకుడు ఎం.వి. రామన్ మద్రాసు మనిషే. ఏవీఎం వాళ్ళకి తెలుగులో ‘జీవితం’ (1950) తీసి వైజయంతిమాలని మనకి పరిచయం చేసింది ఆయనే. ‘ఆశా’లో నాయిక కూడా ఆవిడే. అదే కథని రామన్ 1959లో తమిళంలో ‘అతిశయ పెణ్’గా తీస్తే, అందులో హీరో మన అక్కినేని. ఇన్ని చుట్టరికాలు కనిపించేసరికి మాట కూడా మనదేనని మీ మిత్రుడు తేల్చేసినట్టున్నాడు.

పాట పుట్టిన కథ మాత్రం బొంబాయిది. సంగీత దర్శకుడు సి. రామచంద్ర ఇంటి బయట పిల్లలు ఆడుకుంటూ, ఎవరు దొంగో తేల్చుకోవడానికి ‘ఈనీ మీనీ మైనీ మో’ అని లెక్కపెడుతున్నారు. ఇంగ్లీషు పిల్లల పాట అది. లోపల ఆయనా, ఆయన సహాయకుడు జాన్ గోమ్స్ బాణీ కట్టుకుంటున్నారు. పిల్లల లెక్క చెవిన పడి ‘ఈనా మీనా డీకా’ అయింది. గోమ్స్ గోవా మనిషి. తన ఇంటి భాషలోంచి ‘మాకా నాకా’ తెచ్చి తగిలించాడు. కొంకణిలో దానర్థం ‘నాకొద్దు’. ఆ తర్వాత ఇద్దరూ నోటికొచ్చింది కలుపుకుంటూ పోయి ‘రం పం పో’ దగ్గర ఆగారట.

అంటే పల్లవి మొత్తంలో నిఘంటువుకి ఎక్కే అర్థం ఉన్నది ఆ ఒక్క ముక్కకే. మిగతాదంతా శబ్దం. ఆ శబ్దం కూడా ఊరికే వచ్చింది కాదు. డీకా, చీకా, పీకా, రీకా అని ఒకసారి వేగంగా అని చూడండి. ముందు డ, చ, ప లాంటి గట్టి హల్లు, మధ్యలో సాగే ‘ఈ’, చివర ప్రతిసారీ ‘కా’. డ్రమ్ము మీద కర్ర పడ్డట్టే పడతాయి. ఇక్కడ నిజం మాటలు పెడితే పాడేవాడు అర్థం పలికించాలి, భావం చూపించాలి, దాంతో ఉరుకు తగ్గుతుంది. కిషోర్‌కి ఆ బరువేమీ లేకపోయేసరికి ఎంత అల్లరి చేశాడో మీరే విన్నారు. ఇదే పాటని ఆశా భోంస్లే కూడా విడిగా పాడారు. అది కూడా వినండి. నాకు మాత్రం కిషోర్‌దే ఎక్కువ ఇష్టం.

కార్వార్ కోడలు: పుట్టింది తెనాలిలో, మెట్టింది కొంకణి ఇంట్లో, కాబట్టి ఈ విషయంలో నేను సాక్ష్యం చెప్పొచ్చు! హాంవ్ అంటే నేను, మాకా అంటే నాకు, తుకా అంటే నీకు. మాకా జాయ్ అంటే నాకు కావాలి, మాకా నాకా అంటే నాకొద్దు. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు గరిటెతో అన్నం పట్టుకొచ్చి ‘నాకా?’ అని అడిగేవారు. ఆవిడ అడిగింది ‘వద్దా?’ అని. నేనేమో ‘నాకా?’ అని అడుగుతున్నారనుకుని ‘ఆ, నాకే’ అనేదాన్ని. ఆవిడ ‘ఆ’ వినగానే గరిటె వెనక్కి తీసేసేవారు.

వేణుగానం: హహ్హా, అక్కా, ఆకలితో పడుకున్నారన్నమాట! కానీ ఒక అనుమానం. వాళ్ళ ‘మాకా’ మన ‘మాకు’లా ఉంది, ‘నాకా’ మన ‘నాకు’లా ఉంది. కొంకణికీ తెలుగుకీ ఏమైనా బంధుత్వం ఉందా?

ఛందోమిత్ర: లేదండీ. అది చెవి చేసే మోసం. మన ‘నాకు’ ద్రావిడ కుటుంబంలోది. తమిళంలో ఎనక్కు, కన్నడంలో ననగె దాని తోబుట్టువులు. కొంకణి మరాఠీ పక్కన నిలబడే భాష. మరాఠీలో ఇదే మాట ‘మలా నకో’. కానీ వాక్యం కట్టుబడి చూడండి. తెలుగులో ‘నాకు వద్దు’, కన్నడంలో ‘ననగె బేడ’, తమిళంలో ‘ఎనక్కు వేండాం’, మరాఠీలో ‘మలా నకో’, కొంకణిలో ‘మాకా నాకా’. అన్నిట్లోనూ ‘నాకు’ అనే మాట ముందు, ‘అక్కర్లేదు’ అని చెప్పే ఒకే ఒక్క మాట తర్వాత. హిందీలో అదే చెప్పాలంటే ‘నహీ’ ఒకటి, ‘చాహియే’ ఒకటి, రెండు ముక్కలు కావాలి. కుటుంబాలు వేరైనా దక్కను భాషలు ఇలా ఒకదాని పోకడలు ఒకటి పట్టుకున్నాయి. ఇది చుట్టరికం కాదు, ఇరుగుపొరుగుతనం.

చార్మినార్ చాయ్: అన్నా, మరి మా ‘నక్కో’ని మర్చిపోయిండ్రా? హైదరాబాద్‌లో ఆటో ఆయన దగ్గర నుంచి బిర్యానీ వడ్డించే ఆయన దాకా నక్కో అంటే నక్కోనే. ‘ముఝే నక్కో’ అంటే నాకొద్దు. ‘నక్కో జావ్’ అంటే వెళ్ళొద్దు.

ఛందోమిత్ర: మంచి మాట గుర్తుచేశారు. దక్కనీ ‘నక్కో’ మరాఠీ ‘నకో’ నుంచి వచ్చిందే. అంటే జాన్ గోమ్స్ పాటలో పెట్టిన ‘నాకా’కి మీ నక్కో దగ్గరి బంధువు. ఇంకో విశేషం చూడండి. మన ‘వద్దు’ రెండు పనులు చేస్తుంది: ‘నాకొద్దు’ అని నిరాకరిస్తుంది, ‘వెళ్ళొద్దు’ అని వారిస్తుంది. మరాఠీ ‘నకో’ కూడా అంతే, ‘మలా నకో’, ‘జాఊ నకో’. మీరు రాసిన రెండు ఉదాహరణల్లో నక్కో సరిగ్గా ఆ రెండు పనులూ చేసింది. ఢిల్లీ ఉర్దూలో ఈ రెండింటికీ వేరే వేరే మాటలు వాడాలి.

మంగళగిరి మాస్టారు: చర్చ బాగుంది. ఒక ప్రశ్న. ఆ ఇంగ్లీషు పిల్లల లెక్క కూడా అర్థం లేనిదే కదా. ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలో గొర్రెల కాపరులు మందని లెక్కపెట్టే పాత అంకెల నుంచి పుట్టిందని ఎక్కడో చదివాను.

పాత రికార్డులు: ఆ వాదం ఉంది మాస్టారూ. కానీ రుజువు గట్టిది కాదు. ఇలాంటి లెక్కపాటలు యూరప్ భాషల్లో బోలెడున్నాయి. 1888లోనే బోల్టన్ అనే అమెరికన్ వాటిని పోగేసి ఒక పుస్తకం వేశాడు. అమెరికాలో ఈ పాటకి ఒకప్పుడు నల్లజాతివారిని తిట్టే మాట ఉండేది, తర్వాత దాన్ని తీసి పులిని పెట్టారు. రామచంద్ర ఇంటి దగ్గర పిల్లల నోట మొదటి వరుస ఒక్కటే పాటలోకి వచ్చింది, మంచిదే అయింది.

మంగళగిరి మాస్టారు: మన పిల్లలకి పంటలు వేసుకోవడం ఉంది కదా. ‘కాళ్ళాగజ్జా కంకాళమ్మా’ అచ్చంగా అదే పని చేస్తుంది. పిల్లలు వరసగా కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. ఒకళ్ళు ఒక్కో మోకాలి మీద తడుతూ పాట చెబుతారు. చివర ‘కాలు పండినట్టు కడకు తీసి పెట్టు’ అన్న మాట ఎవరి కాలి మీద పడితే వాళ్ళు ఆ కాలు ముడుచుకోవాలి. మా ఊళ్ళో సగం గొడవలు ఆ చివరి మాటని సాగదీసి పక్కవాడి కాలు దాకా తోసినందుకే!

ఛందోమిత్ర: మాస్టారూ, ఆ వరసకి మాత్రలు కట్టి చూడండి. కాళ్ళా, గజ్జా, కంకా, ళమ్మా. నాలుగు ముక్కలు, ఒక్కొక్కటీ రెండు గురువులు, నాలుగేసి మాత్రలు. ఇప్పుడు ఈనా, మీనా, డీకా అనండి. మళ్ళీ రెండేసి గురువులే. చేతికి అందే నడక ఇది, తట్టడానికీ, గెంతడానికీ. రాక్ అండ్ రోల్‌కి కావలసింది కూడా నాలుగు దెబ్బల కొలతే కదా. పిల్లల లెక్క అంత సులువుగా ఆ బాణీలో ఇమిడిపోవడానికి ఇదో కారణం అనుకుంటాను.

చార్మినార్ చాయ్: కాళ్ళాగజ్జా అంటే గజ్జి రోగానికి మందు చెప్పే పాట అని వాట్సాప్‌లో వచ్చింది అన్నా. కంకాళమ్మ ఒక ఆకు, వెలగ మొగ్గ, మోదుగ, నిమ్మ, చివరికి మంచి గంధం. అంతా వైద్యమట!

ఛందోమిత్ర: అదీ వచ్చిందా మీదాకా! చదవడానికి బాగానే ఉంటుంది. కానీ ‘పాపడ మీసం’, ‘బొమ్మల శెట్టి’ కూడా ఆ పాటలోనే ఉన్నారు. శెట్టి గారిని ఏ గజ్జికి పూయాలో ఆ మెసేజ్ చెప్పదు. మొగ్గ తర్వాత మోదుగ, నీడ తర్వాత నిమ్మ, బావి తర్వాత బచ్చలి... ఇందులో నడిపించేది మొదటి అక్షరం, మందుల జాబితా కాదు. పిల్లల పాట కనబడితే చాలు, లోపల శాస్త్రం దాచారని తవ్వే అలవాటు మనకి బాగా ముదిరింది. ‘మాకా నాకా’ సంగతి వేరు. దాన్ని పెట్టిన మనిషి ఎవరో తెలుసు, ఆయన ఇంటి భాష ఏదో తెలుసు, ఆ భాష మాట్లాడే అక్క ఇక్కడే ఉన్నారు.

వేణుగానం: 1957 అంటే ‘మాయాబజార్’ వచ్చిన ఏడాదే! అసమదీయులు, తసమదీయులు, గింబళి... ఎవరూ పుట్టించకపోతే మాటలెలా పుడతాయని ఘటోత్కచుడు వీరతాడు వేయించింది కూడా అప్పుడే.

పాత రికార్డులు: భలే కలిపారు. కాకపోతే పింగళి వారిది వేరే దారి. తసమదీయులు అనగానే అస్మదీయులు గుర్తొస్తుంది, గింబళి అనగానే కంబళి గుర్తొస్తుంది. ఉన్న మాటని వంచి నవ్వించారు ఆయన. గోమ్స్, రామచంద్ర మాటనే వదిలేశారు.

ఈ గోవా వాళ్ళ గురించి కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో గోవా క్రైస్తవులు చాలామంది ఉండేవారు. గోవా అప్పటికింకా పోర్చుగీసు పాలనలోనే ఉంది (1961 డిసెంబరు దాకా). అక్కడ చర్చి బడుల్లో పిల్లలకి పాశ్చాత్య స్వరలిపి నేర్పేవారు. దాంతో కాగితం మీద రాసిన నొటేషన్ చూసి వాయించగలిగిన వాళ్ళు అక్కడి నుంచే వచ్చారు. హోటళ్ళలో రాత్రి జాజ్, స్టూడియోలో పగలు సినిమా పాట. ట్రంపెట్ వాయించే చిక్ చాకొలెట్ అలాంటివాడే, రామచంద్ర సంగీతం చేసిన ‘అల్‌బేలా’ (1951)లో తన బృందంతో తెర మీద కూడా కనిపిస్తాడు. బిల్ హేలీ ‘రాక్ అరౌండ్ ది క్లాక్’ 1954లో రికార్డు చేస్తే, మరుసటి ఏడు 1955లో ‘బ్లాక్‌బోర్డ్ జంగిల్’ సినిమా టైటిల్స్ మీద వచ్చాకే అది అమెరికాని ఊపేసింది. ఇంకో రెండేళ్ళకి మన దగ్గర ‘ఆశా’. అంత తొందరగా ఆ ఊపు ఇక్కడికి దిగిందంటే అది వాయించగల చేతులు ముందే సిద్ధంగా ఉండబట్టే.

మంగళగిరి మాస్టారు: అయితే రాజేంద్ర క్రిషన్ ఏం రాసినట్టు? రికార్డు మీద గీత రచయిత ఆయనే కదా!

పాత రికార్డులు: అవును మాస్టారూ, పేరు ఆయనదే. సినిమాకి గీత రచయిత ఆయన. బాణీ కట్టేటప్పుడు సంగీత దర్శకుడు నోటికొచ్చింది పెట్టుకోవడం, తర్వాత కవి దాని మీద అసలు మాటలు రాయడం ఇప్పటికీ ఉన్న పద్ధతే. మనవాళ్ళు డమ్మీ లిరిక్ అంటారు. ఇక్కడ ఆ డమ్మీయే పల్లవిగా నిలబడిపోయింది. దాన్ని చెరిపేసి తన ముద్ర వేయాలని పట్టుబట్టని కవికి కూడా కొంత పుణ్యం దక్కాలి.

కార్వార్ కోడలు: సి. రామచంద్ర తెలుగు సినిమాలకి పనిచేశారా అన్నయ్యగారూ?

పాత రికార్డులు: చేశారమ్మా. ఎన్టీఆర్ తీసిన ‘అక్బర్ సలీం అనార్కలి’ (1979)కి సంగీతం ఆయనదే. ‘సిపాయీ’ అంటూ రఫీ, సుశీల పాడిన పాట, సినారె రాసింది, ఆయన బాణీయే. అంతకు చాలా ముందే ఆయన బాణీ ఒకటి మన దగ్గరికి నడిచి వచ్చింది. హిందీ ‘అనార్కలి’ (1953)లో లత పాడిన ‘యే జిందగీ ఉసీ కీ హై’ తెలుగు ‘అనార్కలి’ (1955)లో జిక్కీ గొంతులో ‘జీవితమే సఫలము’ అయింది. ఆ హిందీ పాట రాసింది ఎవరనుకున్నారు? ఇదే రాజేంద్ర క్రిషన్. 1963 జనవరిలో ఢిల్లీలో లత పాడిన ‘ఏ మేరే వతన్ కే లోగోం’ బాణీ కూడా రామచంద్రదే. చైనా యుద్ధంలో పోయిన జవాన్ల పాటా, ‘రం పం పో’ పాటా ఒకే హార్మోనియం మీద నుంచి వచ్చాయంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

వేణుగానం: మా మిత్రుడికి ఈ లింకు పంపాను. ‘నక్కో’ అని ఒక్క ముక్క జవాబిచ్చాడు.