పెళ్లి ఫోల్డర్ అయితేనే కనెక్షన్ పోతోంది: రాబిట్‌ఎంక్యూ, పైథాన్ పికా

తెనాలి_ఆల్బమ్:
అందరికీ నమస్తే. మా బావకి తెనాలిలో ఫొటో స్టూడియో ఉంది. నేను ఆల్బమ్ డిజైన్ చేస్తాను, పైథాన్ వీడియోలు చూసి నేర్చుకున్నదే. ముందు కంప్యూటర్లో ఫోల్డర్ పేరుని రాబిట్‌ఎంక్యూ (ప్రోగ్రాముల మధ్య మెసేజ్‌లు చేరవేసే సర్వర్) క్యూలో, పైథాన్ నుంచి దానితో మాట్లాడే పికా లైబ్రరీతో వేస్తే, వెనక గదిలో ఉబుంటు మిషన్ తీసుకుని ఫొటోల సైజు తగ్గించి స్టూడియో పేరు వేయాలి. ప్రోగ్రామ్ అంతే.

మొదటి గండం గడిచింది. గెస్ట్ యూజర్‌తో వెనక మిషన్లో పనిచేసింది గానీ, ముందు కంప్యూటర్ నుంచి వెళ్తే యాక్సెస్ రిఫ్యూజ్డ్ అంది. సగం రోజు ఫైర్‌వాల్‌ని తిట్టుకున్నాక తెలిసింది, గెస్ట్‌ని లోకల్‌హోస్ట్ నుంచే, అంటే సర్వర్ ఉన్న మిషన్ నుంచే రానిస్తుందట. వేరే యూజర్‌ని పెట్టి పర్మిషన్లు ఇచ్చాను.

ఇప్పుడు అసలు బాధ. బారసాల ఫోల్డర్లు బాగానే అవుతున్నాయి. పెళ్లి అయితే ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ఫొటోలన్నీ అయ్యాక, చివర బేసిక్ యాక్ (పని అయిందని సర్వర్‌కి చెప్పే కబురు) దగ్గర స్ట్రీమ్ లాస్ట్ ఎర్రర్! మళ్లీ స్టార్ట్ చేస్తే అదే పెళ్లి మొదటి నుంచి. నిన్న ఒకే పెళ్లి నాలుగుసార్లు చేసింది. స్టూడియో పేరు నాలుగుసార్లు పడి పెళ్లికూతురి మొహం కనపడట్లేదు. బావ మొహం నేను చూడలేకపోతున్నాను.

శీను_కోడ్:
ఆటో యాక్ ట్రూ పెట్టెయ్ బ్రో. అయిపోతుంది.

రాత్రి_షిఫ్ట్:
శీనూ, అలా చెప్పకు. అప్పుడూ కనెక్షన్ పోతుంది, కాకపోతే మెసేజ్ చేతికిచ్చిన క్షణమే క్యూలోంచి తీసేస్తుంది. మధ్యలో కరెంటు పోతే ఆ పెళ్లి గల్లంతే.

తమ్ముడూ, నీది హార్ట్‌బీట్ గొడవ. సర్వర్ మామూలుగా 60 సెకన్ల టైమవుట్ పెట్టుకుని, నువ్వు బతికే ఉన్నావా అని చూస్తుంటుంది. నువ్వేమో బ్లాకింగ్ కనెక్షన్ వాడుతున్నావు. కాల్‌బ్యాక్‌లో, అంటే మెసేజ్ రాగానే నడిచే నీ ఫంక్షన్‌లో, ఫొటోలు చేస్తున్నంతసేపూ పికా నోరు మెదపదు. సర్వర్ నువ్వు పోయావనుకుని లైన్ కట్ చేసి, యాక్ రాని మెసేజ్‌ని మళ్లీ క్యూలో పెడుతుంది. సర్వర్ లాగ్‌లో ‘మిస్డ్ హార్ట్‌బీట్స్ ఫ్రమ్ క్లయింట్’ అని ఉందేమో చూడు.

ఇవాళ్టికి కనెక్షన్ పారామీటర్లలో హార్ట్‌బీట్ 1200 సెకన్లు పెట్టుకో. సున్నా మాత్రం పెట్టకు, నిజంగా లైన్ తెగినా తెలియకుండా పోతుంది. కొందరు పనిని వేరే థ్రెడ్‌లోకి తోస్తారు. అలా చేస్తే యాక్‌ని ఆ థ్రెడ్ నుంచి నేరుగా పంపకూడదు, పికాలోని యాడ్ కాల్‌బ్యాక్ థ్రెడ్‌సేఫ్ ఫంక్షన్ ద్వారా పంపాలి. నీకు అంత అవసరం లేదు. ఫోల్డర్‌కి ఒక మెసేజ్ కాకుండా ఫొటోకి ఒక మెసేజ్ వేయి, ఒక్కో ఫొటో అవగానే యాక్ వెళ్లిపోతుంది. ప్రీఫెచ్ 1 పెట్టు, యాక్ ఇచ్చేదాకా ఇంకో మెసేజ్ రాదు. ఇంకోటి, ఒరిజినల్ మీదే పేరు వేస్తున్నావా ఏంటి కొంపదీసి?

తెనాలి_ఆల్బమ్:
లాగ్‌లో అచ్చంగా అదే ఉంది అన్నా. ఫొటోకో మెసేజ్ చేశాను, 1,140 ఫొటోలు ఆగకుండా అయ్యాయి. అవును, ఒరిజినల్ మీదే వేశాను. కెమెరా కార్డులు ఇంకా ఫార్మాట్ చేయలేదు, బతికిపోయాను. ఇప్పుడు వేరే ఫోల్డర్లో సేవ్ చేస్తున్నాను.

కరెంటు మాట అన్నారని క్యూని డ్యూరబుల్ (సర్వర్ రీస్టార్ట్ అయినా మిగిలేలా) చేయబోతే 406 ప్రీకండిషన్ ఫెయిల్డ్ అంటోంది?

రాత్రి_షిఫ్ట్:
అదే పేరుతో పాత క్యూ డ్యూరబుల్ కాకుండా ఉంది. ఖాళీ అయ్యాక దాన్ని డిలీట్ చేసి డ్యూరబుల్‌గా మళ్లీ డిక్లేర్ చెయ్. రెండు ప్రోగ్రాముల్లోనూ ఒకేలా ఉండాలి. పంపేటప్పుడు డెలివరీ మోడ్ 2 (మెసేజ్‌ని డిస్క్‌లో దాచమని) పెట్టు, లేకపోతే రీస్టార్ట్ అయ్యాక క్యూ మిగులుతుంది, మెసేజ్‌లు మిగలవు.

తెనాలి_ఆల్బమ్:
అయింది. బావ ఇప్పుడే చూసి, పేరు ఇంకాస్త పెద్దగా వేయమన్నాడు.