టైక్వాండోలో రౌండ్ సమమైతే విజేతను తేల్చేదెలా?

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో బాలికలకు సాధన పోటీలు నిర్వహిస్తున్నాము. 2024 పారిస్ ఒలింపిక్స్ మహిళల 49 కిలోల ఫైనల్‌లో థాయ్‌లాండ్ క్రీడాకారిణి పానిపాక్ చైనాకు చెందిన గువో చింగ్‌పై 6-3, 2-3, 6-2తో గెలిచిన పద్ధతినే, అంటే రెండేసి నిమిషాల మూడు రౌండ్లలో రెండు గెలిచినవారే విజేత అన్న నియమాన్నే, మేమూ పాటిస్తున్నాము. టోక్యోలోనైతే మూడు రౌండ్ల పాయింట్లనూ కలిపి లెక్కించేవారు. మాకు అదే సులువుగా ఉండేది.

గత ఆదివారం ఒక రౌండ్ 4-4 వద్ద ముగిసింది. ఒక అమ్మాయి మొండెంపై తిరుగు తన్నుతో (ఒళ్లు గిర్రున తిప్పి తన్నే తన్ను) ఒకేసారి 4 పాయింట్లు సాధించగా, మరొక అమ్మాయి తలపై తన్నుతో 3, పిడిగుద్దుతో 1 సాధించింది. పెనాల్టీలు ఎవరికీ లేవు. పారిస్ ఫైనల్ వీడియోను రెండుసార్లు చూశాము గాని, అందులో సమమైన రౌండే లేదు. అడిగిన ఇద్దరు శిక్షకులూ చెరొక మాట చెప్పారు.

ప్రస్తుత అంతర్జాతీయ నియమాల ప్రకారం ఈ రౌండ్ ఎవరికి దక్కుతుంది?