స్కానింగ్‌లో అపెండిక్స్ కనబడకపోయినా ఆపరేషన్ చేయించాలా?

పీలేరు కుర్రోడు:
మా అక్క కూతురికి పొత్తికడుపులో కుడిపక్క నొప్పి. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో అపెండిక్స్ కనబడలేదు. అయినా "నొప్పి మొదలై 24 గంటలైంది, రాత్రికే తీసేయాలి" అన్నారు. తీశాక బయాప్సీలో అపెండిక్స్ బాగానే ఉందని వచ్చింది. అసలు నొప్పి అండాశయంలో నీటిబుడగ వల్లనట. సీటీ స్కాన్ తీయందే ఎవరూ ఆపరేషన్‌కి సంతకం పెట్టకూడదని నేనంటాను.

బైరాగిపట్టెడ:
మా బాబాయిని "రేపు చూద్దాంలే" అని ఇంటికి పంపారన్నా. తెల్లారేసరికి పగిలి కడుపంతా చీము. కుప్పం నుంచి తిరుపతికి వచ్చేసరికే సగం రోజు పోతుంది. ఇంకా సీటీ కోసం కూర్చోమంటావా?

సర్జరీ పీజీ:
ఇంటికి పంపడం తప్పు, వెంటనే కోయడమూ తప్పే కావచ్చు. 1986లో అల్వరాడో అనే సర్జన్ 10 మార్కుల లెక్క ఒకటి పెట్టాడు. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగిన నొప్పి, ఆకలి లేకపోవడం, వాంతి లేదా వికారం, జ్వరం, నొక్కి వదిలితే నొప్పి, న్యూట్రోఫిల్స్ (తెల్లకణాల్లో ఒక రకం) ఎక్కువుండటం ఒక్కో మార్కు. కుడిపక్క నొక్కితే నొప్పి, తెల్లకణాలు పెరగడం రెండేసి. 4 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే అపెండిక్స్ అయ్యే అవకాశం తక్కువ. 7, ఆపైన వస్తే సర్జన్ ఆలస్యం చేయడు. గొడవంతా 5, 6 వచ్చినవాళ్లతోనే. వాళ్లను వార్డులో ఉంచి, కొన్ని గంటలకోసారి వీలైతే అదే డాక్టరు పొట్ట నొక్కి చూడాలి, రక్తపరీక్ష మళ్లీ చేయించాలి. అప్పటికీ తేలకపోతే సీటీ. వయసులో ఉన్న ఆడవాళ్లకైతే ముందు గర్భపరీక్ష, అండాశయాల స్కానింగ్ తప్పనిసరి. స్కానింగ్‌లో "కనబడలేదు" అంటే అపెండిక్స్ బాగుందనీ కాదు, వాచిందనీ కాదు. గ్యాస్ అడ్డొచ్చినా, మనిషి లావైనా కనబడదు.

పీలేరు కుర్రోడు:
మా పిల్లకు గర్భపరీక్ష అడిగుంటే మా బావ ఆసుపత్రి పీకి పందిరేసేవాడు. అయినా అడగాల్సిందే, ఒప్పుకుంటా. మరి సీటీ ముందే తీస్తే ఏం పోయింది?

సర్జరీ పీజీ:
సీటీ బాగా పట్టిస్తుంది, కాదనను. కానీ చిన్న వయసులో అవసరం లేని రేడియేషన్ ఎందుకు? పైగా ఖర్చు. కడుపునొప్పి అన్న ప్రతివాడికీ తీస్తే దానంతటదే తగ్గిపోయే చిన్న వాపు కూడా బయటపడుతుంది, దానికీ కత్తి పడుతుంది.

బైరాగిపట్టెడ:
చెప్పడానికి బాగానే ఉంది సార్. రాత్రి రెండింటికి వచ్చి మళ్లీ చూసేదెవరు?

సర్జరీ పీజీ:
అన్నిచోట్లా చూడరు, అది నిజం. అందుకే చేర్చుకునేటప్పుడే "మళ్లీ ఎప్పుడు చూస్తారు, ఎవరు చూస్తారు" అని అడిగి కేస్‌షీట్‌లో రాయించండి. రాయనంటే వేరే ఆసుపత్రికి తీసుకెళ్లండి.