అప్‌డేట్: ఎయిర్ రైఫిల్ గ్రిప్ ఇప్పుడు చేతికి సరిపోయింది

పది మీటర్ల దూరం పోటీలకి వాడే ఎయిర్ రైఫిల్ పట్టుకుంటే ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే రక్షణ చట్రం) వెనక అంచు నడివేలికి ఒరుసుకుని బొబ్బలెక్కుతోందని, గ్రిప్‌కి, అంటే పట్టుకునే పిడికి, టెన్నిస్ టేప్ చుట్టొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. చుట్టలేదు. పట్టు పెంచే పదార్థం గ్రిప్‌కి అతికించడం ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నిబంధనలకి విరుద్ధమని కోచ్ చెప్పారు. ముందే తెలిసింది, నయం.

చెక్క గ్రిప్ విప్పి, అరచేతి గుంట దగ్గర వుడ్ పుట్టీ (చెక్కకి పూసే, ఆరితే గట్టిపడే ముద్ద) పెట్టి, చేత్తో నొక్కి అచ్చు తీశాను. ఒక రాత్రి ఆరాక 220 నంబరు గరుకు కాగితంతో నున్నగా రుద్దాను. చెయ్యి కొంచెం వెనక్కి జరిగింది, వేలికి గార్డ్ తగలడమే లేదు! మణికట్టు టెన్షన్ కూడా తగ్గింది. రైఫిల్ బరువు కూడా నిబంధనల పరిమితి 5.5 కిలోల లోపే ఉంది. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.