అప్‌డేట్: అది గంగవాయిలే!

మిర్చి చేనులో నేలకు పరుచుకున్న ఎర్ర కాడల మొక్క తినే ఆకుకూర గంగవాయిలా, తుంచితే పాలు కారే కలుపు నానబాలా అని పోయిన వారం అడిగాను కదా. తేలిపోయింది. కాడ తుంచి పాలు వస్తాయేమో చూడమన్నవాళ్లకు థాంక్స్.

పొద్దున్నే తుంచాను. నీళ్లలాంటి తడి తప్ప పాల చుక్క లేదు. పక్క కాడ తుంచితే మాత్రం గోరు మీద తెల్లటి పాలు! రెండూ ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఉన్నాయి, నా తికమకంతా అందుకే. గంగవాయిలి ఆకు మందంగా, నున్నగా ఉంది. నానబాలు ఆకు పలుచన, కాడకు నూగు. ఎండెక్కాక గంగవాయిలికి చిన్న పసుపు పూలు విచ్చాయి, మధ్యాహ్నానికి ముడుచుకున్నాయి. ముదిరిన కాయను గోటితో గీకితే టోపీలా మూత ఊడి, ఇసుకంత నల్ల గింజలు రాలాయి.

చేనులో మందు కొట్టారు కాబట్టి అక్కడిది ముట్టలేదు. పెరట్లో మొలిచినదాన్నే ఒక్కో కాడా తుంచి చూసుకుని కోశాను. "చింతపండు తగ్గించు బిడ్డా, దాంట్లోనే పులుపుంటది" అంది అత్తమ్మ. పెసరపప్పుతో వండాం. మా ఆయనకు కిడ్నీలో రాళ్లు, ఈ కూరలో రాళ్లు కట్టేందుకు కారణమయ్యే ఆక్సలేట్లు ఎక్కువ. అందుకే ఆయనకు టమాటా పప్పు, అలిగారు కూడా.