శ్రీనాథుడి ‘పొగడదండ’ పూలదండేనా?

నిన్న ఇక్కడ ఒకరు అడిగారు: శ్రీనాథుడి పేరుతో చెప్పుకునే చాటువులో (విడిపద్యంలో) పొగడదండ అంటే పూలదండే కదా, దానికి బాధెందుకు అని. నాకు ప్రాణమైన పద్యం అది. గుత్తకు తీసుకున్న పొలంలో పంట పోయి, శిస్తు కట్టలేక నడివీధిలో శిక్ష పడ్డ కవి గోడు.

కవిరాజు కంఠంబు కౌగిలించెను గదా
పురవీధి నెదురెండ పొగడదండ

పొగడ అంటే మన చెన్నైలో మగిళంపూ. తిరువొత్తియూరు గుడి స్థలవృక్షం అదే. రాలిన పువ్వుకి నడుమ చిల్లుంటుంది, సూది లేకుండా దారానికి గుచ్చేయొచ్చు. వాడినా వాసన పోదు. అయితే మెడకు తగిలించి ఎండలో నిలబెట్టే శిక్షకూ పొగడదండ అనే పేరు. ఇక్కడ ఆ శిక్షే. పైగా ‘పొగడు’ అన్న మాట కూడా అందులోంచి వినిపిస్తుంది. ప్రౌఢదేవరాయల కొలువులో కనకాభిషేకం అందుకున్న కవి మెడలో ఆఖరికి ఈ దండ!

క్రియలు చూడండి. దండ కౌగిలించింది, నల్లగుండు (శిక్షగా మోయించే నల్లరాయి) భుజమెక్కింది, వెదురుగొడియ (చేతులకు వేసే వెదురు సంకెల) ముంజేతితో వియ్యమందింది. అన్నీ చుట్టాలకు వాడే మాటలే. కవిరాజు, సార్వభౌముడు, ఆంధ్రనైషధకర్త, వీరభద్రారెడ్డి విద్వాంసుడు అంటూ బిరుదులే చెబుతాడు గానీ సీసపాదాలు నాలుగింటిలోనూ ‘నా మెడ’, ‘నా చెయ్యి’ అనడు. ఎత్తుగీతిలో, అంటే సీసం చివరి చిన్న పాదాల్లో, కృష్ణమ్మ పంటను లాక్కుపోయింది, పిట్టలు నువ్వులూ పెసలూ తినేశాయి. అప్పుడు గానీ ఉత్తమపురుష రాదు: ‘మోసపోతి’, ‘ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు’. అప్పటిదాకా వేరే ఎవరి కథో చెప్పినట్టు చెప్పి, బాకీ దగ్గరకొచ్చేసరికి తట్టుకోలేకపోయాడు. 700 టంకాలు, అంటే అప్పటి నాణేలు.

— చాలా బాగా చెప్పారండీ. మరి నాలుగుసార్లు ‘గదా’ ఎందుకు? పాదపూరణమా, అంటే పాదం నింపడానికి వేసిన మాటా?

— పాదపూరణం కాదండీ. ‘చూశారు గదా’ అని ఎదుటివాణ్ణి సాక్ష్యానికి పిలవడం. నడివీధిలో నిలబెట్టిన మనిషి, చుట్టూ జనం ఉన్నారు. నాకిది పుస్తకంలో దొరకలేదు, మా నాన్న చదువుతుంటే అర్థమైంది. ఆయన కథలు రాసేవారు. వడపళనిలో అద్దె ఇల్లు, నెలాఖరు టెన్షన్ మాకు మామూలే. ఇంటివాళ్ళు అద్దె అడిగి వెళ్ళాక నాన్న గుమ్మంలో కూర్చుని ఈ పద్యం ఎత్తుకునేవారు. ప్రతి ‘గదా’ దగ్గరా వీధి వైపు చూసేవారు. ‘ఎట్లు చెల్లింతు’ దాకా వచ్చి ఆగిపోయేవారు. మిగతాది నేను అందుకునేదాన్ని.