పామాయిల్ ఏ తోటలోంచి వచ్చిందో కనుక్కోవడం అసలు అయ్యే పనేనా?

రాటర్‌డ్యామ్_రాజు:
నేనిక్కడ ఒక ఫుడ్ కంపెనీలో కొనుగోళ్లు చూస్తా, పామాయిల్ సప్లయర్ల లెక్కలన్నీ నా నెత్తి మీదే. యూరప్ 2023లో తెచ్చిన చట్టం ప్రకారం 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి కొట్టి వేసిన తోట నూనె ఇక్కడ అమ్మకూడదు. ప్రతి తోట లొకేషన్ ఇవ్వాలి, 4 హెక్టార్లు దాటితే హద్దుల మ్యాప్ కూడా. అమలు వాయిదా మీద వాయిదా పడుతోంది, అది వేరే గోల. మిల్లు పేర్లు అడిగితే వచ్చేస్తాయి, మిల్లు నుంచి తోటకి వెళ్లేసరికి చుక్కలు కనిపిస్తున్నాయి. అయినా సరే చేయాల్సిందే అంటాను, ఇండియా కూడా అడగాలి, ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పామాయిల్ దిగుమతి చేసుకునేది మనమేగా. మీరేమంటారు?

గెలల_గోపాలం:
అశ్వారావుపేట సైడు రైతును. మా పామాయిల్ గెలలకి ట్రేసింగు ఎందుకు బాబూ, 1993 ఆయిల్‌పామ్ చట్టం వచ్చిన కాడ్నించి ఏ మండలం గెలలు ఏ ఫ్యాక్టరీకి తోలాలో రాసే ఉంది, పక్క ఫ్యాక్టరీ ఎంత బాగా చూసుకున్నా అటు తోలడానికి లేదు. కాటా చీటీ మీద నా పేరు, ఊరు అన్నీ ఉంటయి. పోయిన వానాకాలం ఫ్యాక్టరీ గేటు కాడ ట్రాక్టరు రాత్రంతా నిలబెట్టి, తెల్లారి గెలలు మెత్తబడ్డయని తూకంలో కోత పెట్టిన్రు. ముందు ఆ కోత ఎటు పోయిందో ట్రేస్ చేయండి.

వంటింటి_వాణి:
ఇవన్నీ పెడితే ప్యాకెట్ రేటు ఎంత పెరుగుద్ది? అది చెప్పండి చాలు.

కాకినాడ_కుర్రోడు:
రిఫైనరీ ల్యాబ్‌లో చేస్తానండి. ఇండోనేషియాలో దుమాయ్, బెలవాన్ లాంటి పోర్టుల్లో బోల్డు మిల్లుల నూనె ఒకే ట్యాంకులో కలిపేశాక షిప్పెక్కుద్ది. అది ఇక్కడికొచ్చాక మేం శాంపిల్ తీసి ఆమ్ల శాతం, తేమ, రంగు చూస్తాం. కొట్టేసిన అడవి ఈ మూడింట్లో దేన్లోనూ కనపడదు కదండీ.

రాటర్‌డ్యామ్_రాజు:
నూనెని పరీక్షించి కనుక్కోమని ఎవరూ అనట్లేదు, కాగితాల బట్టే కదా వెళ్లేది. గెల కోసిన 24 గంటల్లోపు మిల్లుకి చేరకపోతే ఆమ్లం పెరిగిపోతుంది, కాబట్టి ఎవడూ మరీ దూరం నుంచి తేడు. మిల్లు చుట్టూ 50 కిలోమీటర్లు గీత గీసి శాటిలైట్‌లో చూస్తే అడవి ఎక్కడ పోయిందో తెలిసిపోతుంది.

కాకినాడ_కుర్రోడు:
గీత గీస్తే అడవి పోయిందని తెలుస్తుందండి, ఆ గెల ఏ మిల్లుకెళ్లిందో ఎలా తెలుస్తుంది? ఒక్కో గీతలో నాలుగైదు మిల్లులు ఉంటాయి. సుమత్రాలో రియావ్ వైపు సంగతి చూడండి, టెస్సో నీలో అని 2004లో నేషనల్ పార్క్ చేశారు, దాని లోపల కూడా పామాయిల్ తోటలే. ఆ గెలలు చిన్న ఏజెంట్ కొంటాడు, వాడు ఇంకో పెద్ద ఏజెంట్‌కి ఇస్తాడు, మిల్లుతో ఒప్పందం ఆ పెద్దాయనకే, అక్కడ డీఓ అంటారు. లారీలు ఎవరివైనా మిల్లు రిజిస్టర్లో పడేది ఆ డీఓ పేరొక్కటే. మీ టేబుల్ మీదకొచ్చేది కూడా అదే పేరు.

రాటర్‌డ్యామ్_రాజు:
50 కిలోమీటర్ల మాట తప్పా? అది చెప్పండి ముందు.

కాకినాడ_కుర్రోడు:
తప్పనలేదు, సరిపోదు అన్నా.

రాటర్‌డ్యామ్_రాజు:
గెల 24 గంటల్లో చేరాలా వద్దా?

సత్తుపల్లి_చిన్నోడు:
మీ ఇద్దరూ ఆ 50 కిలోమీటర్లలోనే తిరుగుతున్నారు 😂

గెలల_గోపాలం:
24 గంటలంట! మా గేటు కాడ నిలబడితే తెలుస్తది. ఏసీ రూములో కూసోని మ్యాప్ పంపు, హద్దులు పంపు అంటే ఎవడు పంపాలి? ఇండోనేషియాలో తోటల్లో 40 శాతం దాకా చిన్న రైతులవే అంట, వాళ్లలో చానా మందికి సరైన పట్టా కూడా ఉండదంట. వాడి దగ్గర కాగితం లేదని వాడు అడవి దొంగ అయిపోయిండా? మీకు రైతు అంటే లోకువ సార్.

రాటర్‌డ్యామ్_రాజు:
గోపాలం గారూ మాటలు జాగ్రత్త. మాదీ కోనసీమే, మా నాన్నదీ వ్యవసాయమే. దొంగ అని ఎవరన్నారు? కాగితం రాని మిల్లుని లిస్టులోంచి తీసేస్తాం, అంతే. అది నా పని.

గెలల_గోపాలం:
తీసేస్తే ఆ గెలలు ఏమైతయి? చెట్టు మీదే ఎండుతయా?

కాకినాడ_కుర్రోడు:
ఎండవు గోపాలం గారూ, మా పోర్టుకొస్తాయి. ఇక్కడ అడిగేవాళ్లు లేరు, రేటు కలిస్తే చాలు. యూరప్‌కి మ్యాపు ఉన్న నూనె, మనకి మ్యాపు లేని నూనె, అక్కడ గొడ్డలి మాత్రం ఆగదు. రాజు గారి లిస్టు శుభ్రంగా ఉంటుంది.

రాటర్‌డ్యామ్_రాజు:
అందుకే ఇండియా కూడా అడగాలంటున్నా, మొదటి పోస్టులో రాసింది అదే కదయ్యా!

కాకినాడ_కుర్రోడు:
అడగాలి సరే, మ్యాపు ఖర్చు ఎవరిదండి? మీ కంపెనీ ఆ డీఓ కింద ఉన్న రైతులకి జీపీఎస్ కొలతలు వేయించడానికి రూపాయి ఇస్తుందా? మిల్లు ఏజెంట్ మీదకి, ఏజెంట్ రైతు మీదకి తోస్తాడు. పామాయిల్ కంపెనీలు, సంస్థలు కలిసి 2004లో పెట్టిన ఆర్‌ఎస్‌పీఓ వాళ్ల సర్టిఫికెట్ ఎప్పట్నుంచో ఉంది కదా, అందులోనూ మాస్ బ్యాలెన్స్ అని ఒక పద్ధతుంది, మంచి నూనె, మామూలు నూనె ఒకే ట్యాంకులో కలిపేసి లెక్క మాత్రం పుస్తకంలో విడిగా రాస్తారు. రైతుకి డబ్బిచ్చి మ్యాపు తీసుకునేదాకా ఇలా పుస్తకాల్లోనే నడుస్తుంది.

రాటర్‌డ్యామ్_రాజు:
ఖర్చు విషయం నా చేతిలో లేదు. మా పైవాళ్లకి రెండుసార్లు రాశా, ఏడాది బడ్జెట్‌లో ఆడిట్ ఫీజుకి డబ్బులున్నాయి, రైతులకి లైన్ ఐటమే లేదన్నారు. అలాగని అడగడం మానేద్దామా?

గెలల_గోపాలం:
ఇప్పుడు బయటికొచ్చింది అసలు మాట. నన్నడిగితే ఇండియా అడగాల్సింది మ్యాపు కాదు, దిగుమతి సుంకం. 2025 మేలో ముడి పామాయిల్ మీద 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించిన్రు, మా గెల రేటు నూనె రేటును బట్టే కడతరు. ఆ సుంకం మళ్లీ పెంచితే బయట నూనె తగ్గుద్ది, ఆ అడవి సంగతి దానంతటదే తేలుద్ది.

వంటింటి_వాణి:
ఇందాక నేనడిగింది అదే, ఆ సుంకం కట్టేది ఎవరండీ? మేమే కదా.

గెలల_గోపాలం:
మరి మా కోత కట్టేది ఎవరమ్మా?

రాటర్‌డ్యామ్_రాజు:
సుంకం పెంచితే నూనె ఏ తోటదో తెలిసే ట్రేసబిలిటీ వచ్చేయదు, తక్కువ నూనె వస్తుంది, అదీ మ్యాపు లేని నూనే. గోపాలం గారూ, మీ కాటా చీటీ ఫొటో ఒకటి పెట్టండి, సర్వే నంబర్ ఉంటుందా అందులో?

గెలల_గోపాలం:
ఎందుకు, నన్ను కూడా లిస్టులోంచి తీసేయడానికా?